మెడలో సిర తీసేశారు.. పొద్దున్నే ముఖం ఉబ్బుతోంది, ప్రమాదమా?

ప్రశ్న: మాది హిందూపురం. మా నాన్నగారికి 58 ఏళ్లు. బుగ్గ లోపల క్యాన్సర్‌కి బెంగళూరులో ఆపరేషన్ చేసి, ఎడమవైపు మెడలో గడ్డలు కూడా తీశారు. డిశ్చార్జ్ అయి మూడు వారాలైంది. మారతహళ్లిలో మా ఇంట్లోనే ఉంటున్నారు. పొద్దున లేచేసరికి ఎడమ చెంప ఉబ్బి ఉంటోంది, మధ్యాహ్నానికి తగ్గుతోంది. డిశ్చార్జ్ సమ్మరీలో ‘లెఫ్ట్ ఐజేవీ శాక్రిఫైస్డ్’ అని ఉంది. మొన్న డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్) తీస్తే కుడివైపు సిర వెడల్పైందని, రక్తప్రవాహం పెరిగిందని వచ్చింది. మెదడుకు రక్తం అందడం లేదేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఆ మాట సంగతి చూద్దాం. ‘శాక్రిఫైస్’ అంటే డిక్షనరీలో ‘బలి’ అని కనిపిస్తుంది, ఎవరికైనా గుండె జారుతుంది. మేం సర్జన్లం మాత్రం సిరను కట్టి తీసేశామని చెప్పడానికే అలా రాస్తాం. ఐజేవీ అంటే మెడలోని పెద్ద సిర. మెదడుకు రక్తం తీసుకెళ్లేది అది కాదు, అక్కడి నుంచి గుండెకు తిరిగి తెచ్చేది. తీసుకెళ్లే ధమనులు వేరే. కాబట్టి ‘రక్తం అందడం లేదు’ అన్న భయం వదిలేయండి.

1906లో అమెరికా సర్జన్ జార్జ్ క్రైల్ ఈ మెడ ఆపరేషన్ పద్ధతిని వివరించినప్పుడు ఆ సిరను తీసేయడం అందులో భాగమే. ఇప్పుడు వీలైనంతవరకు ఉంచుతాం. క్యాన్సర్ గడ్డ సిరకు అతుక్కుపోతే తప్పదు.

ఒకటి మూసుకుంటే ఆ రక్తం రెండోవైపుకు మళ్లుతుంది. మీ డాప్లర్‌లో కనిపించింది అదే. కుడి సిర రెండింటి పనీ చేస్తోంది, అందుకే వెడల్పైంది. ఇక పొద్దుటి వాపు. మనం నిలబడినప్పుడు మెడ సిరలు దాదాపు ముడుచుకుపోతాయి, రక్తం ఎక్కువగా వెన్నెముక చుట్టూ ఉన్న సిరల గుండా దిగుతుంది. పడుకుంటే భారం మళ్లీ మెడ సిరల మీదే. మీ నాన్నగారికి ఒకవైపు అది లేదు. పైగా మెడలోని గ్రంథులతో పాటు, కణజాలంలో చేరే నీటిని బయటికి తీసుకెళ్లే లింఫు దారులూ పోయాయి. రాత్రంతా నిలిచిన నీరు లేచి తిరిగితే దిగుతుంది. నెలలు గడిచేకొద్దీ ఇది తగ్గుతుంది. రేడియేషన్ ఇస్తే మధ్యలో మళ్లీ పెరగవచ్చు. అలాగని రేడియేషన్ వాయిదా వేయొద్దు. అవసరమని చెప్పి ఉంటే, ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి.

తల కింద దిండ్లు పేర్చకండి, మెడ వంగి ఇంకా బిగుస్తుంది. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. చొక్కా పై గుండీ పెట్టొద్దు. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు నూనె రాసి మర్దన చేస్తామంటారు, వద్దని గట్టిగా చెప్పండి. ఈ వాపుకు ప్రత్యేకమైన మసాజ్ ఉంది, కానీ సర్జన్ సరేనన్నాక శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టే చేయాలి. నీరు తీసే మాత్రలు సొంతంగా కొని వేయకండి. ఎడమ చెవి కింద చర్మం మొద్దుబారి ఉంటుంది, గడ్డం గీసుకుంటే బ్లేడుతో తెగినా తెలియదు. ట్రిమ్మర్ కొనివ్వండి.

వాపు సాయంత్రానికీ దిగకపోయినా, రెండు చెంపలకూ పాకినా వెంటనే సర్జన్‌కు చూపించండి. పడుకుంటే పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసక, మత్తు, ఊపిరాడకపోవడం, కుడి మెడలో నొప్పి లేదా కుడి చేయి వాపు కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మిగిలిన ఆ ఒక్క సిరలో రక్తం గడ్డకడితే కష్టం.

ఇంకో మాట, డిశ్చార్జ్ రోజు హడావిడిలో చాలామందికి చెప్పడం మరిచిపోతారు. రేపు ఏ కారణంతోనో ఐసీయూలో చేరితే మెడ సిరలో మందులెక్కించే గొట్టం (లైన్) వేయడానికి సాధారణంగా కుడివైపే ఎంచుకుంటారు. ‘ఎడమ ఐజేవీ లేదు, కుడివైపు లైన్ వేసే ముందు ఆలోచించండి’ అని ఓ చీటీ రాసి నాన్నగారి పర్సులో, ఆధార్ కార్డు వెనకాల పెట్టండి.