నిధి అన్న మాట నోట రానీయకు

నెల్లూరు

చిరంజీవి బుజ్జికి, పెదనాయన ఆశీస్సులు.

ఆదివారం సెలవు దొరికింది, దూరం పోకుండా జియోక్యాషింగ్, అదే ఎవరో దాచిన డబ్బాని ఫోన్లో జీపీఎస్ చూసుకుంటా వెతికే ఆట, ఆడాలని ఉంది, ఎట్లా మొదలుపెట్టాలి అని అడిగావు. ఫోను, యాపు సంగతి తర్వాత. ఎవరికి చెప్పినా దీన్ని 'నిధుల వేట' అని మాత్రం చెప్పొద్దు. మన పక్క ఆ మాటకి అర్థం వేరు. పాత గుళ్ల దగ్గర, కొండల మీద రాత్రిపూట గడ్డపారలేసుకుని తవ్వేవాళ్లంటే ఊళ్లలో మంటగా ఉంటుంది. ఉదయగిరి కోట కిందనో, పాడుబడ్డ గుడి పక్కనో నువ్వు ఫోను చూసుకుంటా రాళ్లు కదిలిస్తుంటే జనం మూగేదానికి పది నిమిషాలు చాలు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన దాచిన సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాల్సిందే. నువ్వు వెతికేది ఒక ప్లాస్టిక్ డబ్బా, అందులో ఒక చీటీ. అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఏం పోయిందమ్మా?" అంటే "డబ్బా వెతికే ఆట తాతా" అని చెప్పి మ్యాపు చూపించు. పోలీసులడిగినా అంతే. దాచే కొద్దీ అనుమానం పెరుగుతుంది.

ఇక ఆట. జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలిపే తప్పును అమెరికా 2000 మే మొదట్లో తీసేసింది. వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్ దాచి, ఆ చోటు అంకెలు, అంటే అక్షాంశం, రేఖాంశం, అందరికీ తెలియజేశాడు. అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది. ఆ బకెట్లో బీన్స్ డబ్బా కూడా ఉందట. ఇప్పుడు తినేవి పెట్టకూడదు. మన దగ్గరైతే చీమలు, పందికొక్కులు, కోతులు ఒక్క రోజు కూడా ఆగవు.

చెన్నై, బెంగళూరుల్లో ఉన్నట్టు మన దగ్గర డబ్బాలు దట్టంగా ఉండవు. అందుకని పొద్దున ఒకటో రెండో వెతికి, సాయంత్రం నీ సొంత డబ్బాకి చోటు చూసుకో. యాపులో ఒక్కో డబ్బాకీ ఒక పేజీ ఉంటుంది, అందులో వెతికే కష్టానికి, దారి కష్టానికి విడివిడిగా ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలుంటాయి. మొదటి రోజు రెండూ రెండు దాటనివ్వకు. పేజీ కింద, ముందు వెళ్లినవాళ్ల రాతలు చూడు. చివరి మూడూ 'దొరకలేదు' అనే ఉంటే డబ్బా పోయిందనే అనుకో, పెట్రోలు దండగ. ఓనరు, అంటే డబ్బా దాచినవాళ్లు, ఇచ్చిన ఆచూకీ ముందే చదువుకో, అందులో నామోషీ లేదు.

అంకెల దగ్గర కొత్తవాళ్లందరూ బోల్తా కొడతారు. ఈ ఆటలో చోటును డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యో వంతులుగా రాస్తారు. ఉత్తరం 14 డిగ్రీల 26.550 నిమిషాలు, తూర్పు 79 డిగ్రీల 59.200 నిమిషాలు అంటే నెల్లూరు నడిబొడ్డు. దాన్నే మ్యాపులో 14.26550, 79.59200 అని కొట్టావనుకో, దక్షిణానికి దాదాపు 20 కిలోమీటర్లు, పడమరకి 42 కిలోమీటర్లు జరిగి రాపూరు వైపు తేలతావు. డిగ్రీకీ నిమిషాలకీ మధ్య చుక్క కాదు, ఖాళీ వదలాలి. చివరి అంకె ఒకటి మారితే తేడా 1.8 మీటర్లే, దానికి కంగారుపడొద్దు.

ఆకాశం బాగా కనిపించే చోట మంచి ఫోను ఐదు మీటర్ల లోపు చూపిస్తుంది. చింతచెట్టు కింద, పెద్ద బండ పక్కన, మేడల మధ్య సంకేతం అటూ ఇటూ తగిలి వస్తుంది గనక యాపులో దారి చూపే బాణం గెంతుతుంది. దాచినవాళ్ల ఫోనుకీ ఇదే తప్పు ఉండి ఉంటుంది. రెండు తప్పులూ కలిస్తే పది మీటర్లు ఎక్కడికీ పోదు. అందుకే పది మీటర్లు చూపించగానే ఫోను జేబులో పెట్టెయ్. బాణం వెంట చుట్లు తిరిగేవాళ్లకి గంటయినా దొరకదు. నిలబడి, 'నేనే దాచాలంటే ఎక్కడ దాచుతాను?' అని చూడు. చుట్టూ గాలికీ వానకీ చెదిరిన రాళ్ల మధ్య ఎవరో పేర్చినట్టు నాలుగు రాళ్లున్నాయా, ఇనప బోర్డు వెనక అయస్కాంతంతో అతుక్కున్నదేమన్నా ఉందా, చెట్టు తొర్రకి అడ్డంగా ఎండిన బెరడు పెట్టారా. అన్నీ పెద్ద డబ్బాలే ఉండవు. ఫిలిం రీలు డబ్బీ అంతవీ, వేలి కొసంతవీ ఉంటాయి.

తొర్రలో, రాళ్ల సందులో చెయ్యి మాత్రం పెట్టొద్దు. నాలుగడుగుల కర్రతో ముందు తట్టు. రాయిని ఎత్తేటప్పుడు నీకు అవతలి అంచు లేచేట్టు, నీ వైపుకి వంచు. కింద తేలో, పింజరో ఉంటే దానికీ నీకూ మధ్య రాయి అడ్డం ఉంటుంది. చెప్పులతో పోవద్దు, తుమ్మముల్లు హవాయి చెప్పుని ఇట్టే దూరుతుంది. అరికాలు మందంగా ఉన్న బూట్లు, నిండు ప్యాంటు. ఖర్మకాలి పాము కాటేస్తే కొయ్యడం, గట్టిగా కట్టడం, పసరు పొయ్యడం ఏవీ వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికే.

డబ్బా దొరికాక లోపల చీటీలో తేదీ, యాపులో పెట్టుకున్న పేరు రాసి, ఎట్లా ఉందో అట్లాగే, అదే చోట పెట్టెయ్. ఇంకా మంచి చోటుందని జరపొద్దు, తర్వాత వచ్చేవాడికి అంకెలు తప్పిపోతాయి. ఏదన్నా తీసుకుంటే అంతకి తగ్గని వస్తువు పెట్టు. నంబరు చెక్కిన బిళ్ల కనిపిస్తే అది ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకి ప్రయాణం చేసేది. ముందుకి చేర్చగలిగితేనే తీసుకో. దొరక్కపోతే దొరకలేదనే యాపులో నమోదు చెయ్యి, ఓనరుకి అదే కబురు.

ఇప్పుడు నీ డబ్బా. స్టీలు టిఫిన్ క్యారియరు పొరపాటున కూడా వాడొద్దు, జనం తిరిగే చోట అది కనిపిస్తే బాంబు స్క్వాడ్‌ని పిలుస్తారు. లోపలున్నది బయటికి కనబడే ప్లాస్టిక్ డబ్బా, మూతకి రబ్బరు చుట్టూ, నాలుగు వైపులా లాకులూ ఉన్నది, అర లీటరుది తీసుకో. పైన తెలుగులో, ఇంగ్లీషులో 'ఆట డబ్బా, ప్రమాదం లేదు' అని రాయి. ముందురోజు రాత్రి లోపల టిష్యూ కాగితం పెట్టి, పైన బరువు పెట్టి బకెట్ నీళ్లలో ముంచి ఉంచు. తెల్లారి కాగితం తడిస్తే ఆ డబ్బా వంటింటికి. వచ్చినవాళ్లు పేర్లు రాసే చిన్న పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, పెన్సిల్ వెయ్యి. పెన్ను ఎండకి ఆరిపోతుంది, తడికి సిరా పారుతుంది. ఎండ పడే చోట ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది కాబట్టి నీడ చూడు. మైపాడు లాంటి తీరంలో అయస్కాంతం, ఇనప తీగ ఉప్పుగాలికి తుప్పు పడతాయి, నైలాను తాడు కట్టు.

పూడ్చిపెట్టకూడదు, చెట్టుకి మేకు కొట్టకూడదు. వేరే డబ్బాకి 161 మీటర్ల లోపు పెట్టనివ్వరు. స్థలం ఎవరిదో కనుక్కుని అడిగే పెట్టు. గుడి, దర్గా, రైలు పట్టాలు, పోర్టు, కరెంటు కేంద్రాల జోలికి పోవద్దు. పెన్న ఇసుకలో పెట్టేవు, సోమశిల గేట్లెత్తితే డబ్బా సముద్రంలో తేలుతుంది. మన ఇంటినుంచి అరగంటలో చేరే చోటైతేనే మంచిది, మూత ఊడిందన్న కబురొచ్చినప్పుడు పోయి చూసేది నువ్వే కదా. అంకెలు ఒక్కసారి చూసి రాసుకోవద్దు. డబ్బా మీద ఫోను పెట్టి మూడు నిమిషాలాగి నోట్ చేసుకో. ముప్ఫై అడుగులు దూరం పోయి, ఇంకో వైపునుంచి వచ్చి మళ్లీ తీసుకో. ఇట్లా ఐదారు సార్లు, వీలైతే ఇంకో రోజు కూడా తీసుకుని సగటు కట్టు. వెబ్‌సైట్ తరఫున స్వచ్ఛందంగా చూసేవాళ్లు అన్నీ సరిచూశాకే అది మ్యాపులో కనిపిస్తుంది.

ఎండల నెలల్లో అయితే ఐదున్నరకే బయలుదేరి పదికల్లా ఇల్లు చేరు, మళ్లీ నాలుగు దాటాకే. హాయిగా తిరగాలంటే వానలు వెనకపట్టిన డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరి దాకా. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పవర్ బ్యాంకు, ఇద్దరి ఫోన్లలోనూ ముందే దించుకున్న మ్యాపు. తమ్ముణ్ణి వెంట తీసుకుపో, వాడి కళ్లు నీకంటే చురుకు. ఎటు పోతున్నారో అమ్మకి చెప్పి మరీ కదలండి.

మీ పెదనాయన