పెళ్లిళ్లకు కెనాన్ ఆర్‌పీ కెమెరా కొనొచ్చా?

తమ్ముడూ, కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు వాడే పాత 50 ఎంఎం ఈఎఫ్ లెన్స్ ఉంది, పెళ్లిళ్లకు సెకండ్‌హ్యాండ్ కెనాన్ ఆర్‌పీ తీసుకోవచ్చా అన్నావు కదా. ఫొటోలకే అయితే తీసుకో. 26 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్), బ్యాటరీతో కలిపి 485 గ్రాములే. లెన్స్‌కీ కెమెరాకీ మధ్య అడాప్టర్ పెడితే నీ లెన్స్‌కి ఆటోఫోకస్ కూడా బాగా వస్తుంది. విజయనగరం సిరిమానోత్సవంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర, జనం తోపులాటలో చేయెత్తి, పొడవాటి మాను కొసన కూర్చున్న పూజారిని తీయాలంటే ఆ తక్కువ బరువే వరం. మసక వెలుతురులోనూ ముఖం రంగు చెడదు.

నా భయమల్లా మెమరీ కార్డు స్లాట్ ఒక్కటే కావడం; కార్డు పాడైతే రెండో కాపీ ఉండదు. ఒకసారి వేరే కెమెరాలో, తలంబ్రాల వేళ నా కార్డు పాడైంది. ఆ పెళ్లికూతురి తల్లికి ఏం చెప్పాలో తెలియక చేతులు వణికాయి. కార్యక్రమానికో కార్డు మార్చు. ఒక్క బ్యాటరీకి లెక్క 250 ఫొటోలే, మూడు బ్యాటరీలు పెట్టుకో. 4కే వీడియో ఒప్పుకోకు: దృశ్యం అంచులు తెగి 1.6 రెట్లు క్రాప్ అవుతుంది, ఫోకస్ తడబడుతుంది.