పాఠకుల ప్రశ్న: బ్లాక్ ఫారెస్ట్, అల్సాస్ కారులో వెళ్తే ఎక్కడ దిగాలి?

ప్రశ్న: మేం జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉంటాం. గుంటూరు నుంచి అత్తయ్య, మామయ్య వచ్చారు. సెప్టెంబరులో మా కారులోనే బ్లాక్ ఫారెస్ట్, అక్కణ్నుంచి సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని అల్సాస్ చూపించాలని ఉంది. ఆరేళ్ల పాపతో కలిపి ఐదుగురం. హోటల్లో రెండేసి గదులంటే ఖర్చు తడిసి మోపెడవుతోంది. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. తక్కువలో, ఆ ప్రాంతం కళ కనిపించే బస ఎలా వెతుక్కోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: చేతిలో కారుంది కదండీ, సగం సమస్య తీరినట్టే. రైల్లో వచ్చేవాళ్లకు స్టేషన్ దగ్గర్లో ఉండక తప్పదు కాబట్టి బ్లాక్ ఫారెస్ట్ వైపు ఫ్రైబుర్గ్, అల్సాస్‌లో కోల్మార్ లాంటి పట్టణాల నడిబొడ్డున ఎంత అడిగితే అంత ఇచ్చుకుంటారు. మీరు పది పదిహేను కిలోమీటర్లు అవతల, ఇంటివాళ్లే నడిపే చోట దిగండి. పార్కింగ్ టెన్షన్ కూడా ఉండదు. రోజుకో ఊరు మారొద్దు, పెద్దవాళ్లు అలసిపోతారు. బ్లాక్ ఫారెస్ట్‌లో ఒక బస, అల్సాస్‌లో ఒక బస, అంతే.

జర్మనీ వైపు హోటల్ మాట మర్చిపోయి ‘ఫెరియన్‌వోనుంగ్’ వెతకండి. వంటగది, రెండు పడకగదులతో మొత్తం ఫ్లాట్‌కి ఒకటే అద్దె. బియ్యం, పప్పు తీసుకెళ్తే శాకాహారం సమస్య అక్కడికక్కడే తీరిపోతుంది (తాలింపు వేసేటప్పుడు మాత్రం కిటికీ తీయండి, పొగ అలారం మోగితే ఇల్లంతా హడావిడి). కింట్సిగ్ లోయలో, గుటాఖ్ చుట్టుపక్కల రైతుల ఇళ్లలోనే ఇలాంటివి దొరుకుతాయి. అక్కడి పాతకాలం ఇళ్లు చూసి తీరాలి, దాదాపు నేల దాకా దిగే పెద్ద కప్పు, దాని కిందే మనుషులుండే గదులు, పశువుల కొట్టం, పైన గడ్డి అటక. గుటాఖ్‌లోని మ్యూజియంలో 1612లో కట్టిన అలాంటి ఇల్లు లోపలంతా తిరిగి చూడొచ్చు, మామయ్యగారికి తప్పకుండా నచ్చుతుంది. పాపకైతే దూడలుంటే చాలు.

అద్దె ఒక్కటే చూసి బుక్ చేయకండి. చివర్లో శుభ్రం చేసినందుకు విడిగా ఛార్జీ ఉంటుంది, కొన్నిచోట్ల దుప్పట్లు, తువాళ్లకు కూడా అడుగుతారు. ఒక్క రాత్రికైతే ఇవన్నీ కలిపి హోటలే నయమనిపిస్తుంది, మూడు రాత్రులుంటే గిట్టుబాటవుతుంది. బస చేసే అతిథులు ఊరి పన్ను కూడా కట్టాలి, కానీ చాలా ఊళ్లలో అది కట్టినందుకు ‘కోనుస్’ గెస్ట్ కార్డు ఇస్తారు. అది చూపిస్తే బ్లాక్ ఫారెస్ట్‌లో బస్సులు, లోకల్ రైళ్లు ఉచితం, అడిగి తీసుకోండి. ఆదివారం షాపులు మూసేస్తారని మీకు తెలిసిందే, పాలు, పెరుగు శనివారమే తెచ్చిపెట్టుకోండి.

అల్సాస్‌లో పద్ధతి వేరు. అక్కడ ‘షాంబ్ర్ దోత్’ అని, ఇంటివాళ్లు తామున్న ఇంట్లోనే గదులు అద్దెకిస్తారు. చట్టం ప్రకారం ఐదు గదులు మించకూడదు, టిఫిన్ ఆ అద్దెలోనే కలిసి ఉండాలి. బ్రెడ్డు, వెన్న, ఇంట్లో పెట్టిన జామ్, అదృష్టం బాగుంటే బాదం, ఎండుద్రాక్ష వేసిన కూగల్‌హోఫ్ కేకు. వంట కావాలంటే ‘జీత్’ అని వెతకండి, అది విడి ఇల్లు, కాకపోతే సీజన్లో శనివారం నుంచి శనివారానికే ఇస్తామంటారు చాలామంది. ఎగిస్‌హైమ్, రిక్‌విర్ అందమైన ఊళ్లే, ఆ పేరుకే రేటు కూడా ఎక్కువ. వాటి పక్కనున్న, పెద్దగా పేరులేని ద్రాక్ష పల్లెల్లో వైన్ చేసే కుటుంబాలు కూడా గదులిస్తాయి. సెప్టెంబరంటే ద్రాక్ష కోతలు, ఊళ్లలో వైన్ పండగలు, శని ఆదివారాలు గది దొరకడం కష్టం. అందుకని అల్సాస్‌ను సోమ, మంగళవారాలకు పెట్టుకోండి.

మామయ్యగారి మోకాళ్ల సంగతి మాత్రం బుక్ చేసే ముందే తేల్చుకోవాలి. ఫొటోల్లో అంత ముద్దుగా కనిపించే ఆ చెక్క దూలాల గదులు చాలావరకు పై అంతస్తుల్లోనే ఉంటాయి, ఇరుకు చెక్కమెట్లు నిటారుగా, లిఫ్టు ఉండదు. ఇంటివాళ్లకు నేరుగా మెయిల్ రాసి, గది గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉందా, గుమ్మం దగ్గర ఎన్ని మెట్లున్నాయి, స్నానం టబ్బులోనా, విడి షవర్ ఉందా అని అడగండి, టబ్బు అంచు దాటడం ఆయనకు మెట్లకన్నా కష్టం. మాంసం, చేపలు, గుడ్లు తినరని విడివిడిగా రాయండి. వెజిటేరియన్ అని ఊరుకుంటే ఆమ్లెట్ పెడతారు. అందులోనే ఏ టైముకి చేరతారో కూడా చెప్పండి. అక్కడ రాత్రంతా రిసెప్షన్ ఉండదు, మీకోసం ఇంటావిడే మేలుకొని కూర్చోవాలి.