స్వాతికి, యాప్ మొదలుపెట్టే ముందు

చి. స్వాతికి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి సొంతంగా యాప్ పెడుతున్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడికి టెన్షన్, నాకేమో లోపల్లోపల గర్వం. ఇళ్లకొచ్చి బ్లడ్ శాంపిల్స్ తీసుకెళ్లే కుర్రాళ్లకు యాప్, కూకట్‌పల్లిలో మొదలు. బాగుంది. కానీ మ్యాప్ ఒకరి దగ్గర, ఓటీపీ ఇంకొకరి దగ్గర, పేమెంట్ మరొకరి దగ్గర తీసుకుంటున్నావని విన్నాక నాకు నిద్ర పట్టడం లేదు.

ఆ సర్వీసులు వాడుకోడానికి వాళ్లిచ్చే రహస్య తాళాలు, అదే ఏపీఐ కీలు, కోడ్‌లో పెట్టకు. బిల్లు పెరిగితే అలర్ట్ వచ్చేలా చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇది మాత్రం విను. 2018 జూలై 16న గూగుల్ మ్యాప్స్ ధరల పద్ధతి మారింది. అంతకుముందు వెబ్‌సైట్లకు రోజుకు 25,000 మ్యాప్ లోడ్లు ఉచితం. పేజీలో మ్యాప్ ఒకసారి తెరుచుకుంటే ఒక లోడ్. ఆ తర్వాత, 2025 దాకా, నెలకు 200 డాలర్ల క్రెడిట్, అంటే దాదాపు 28,000 లోడ్లు. రోజుకు వచ్చేది నెలకైపోయింది! ఆ సంగతి మే నెలలోనే ప్రకటించారు. నేనప్పుడు మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. మాకెవరికీ తెలియదు. ఆ అకౌంట్ తెరిచిన కుర్రాడు ఎప్పుడో మానేసి డాలస్ వెళ్లాడు, ఆఫీసువాళ్లు అతని మెయిల్ మూసేశారు. ఒకరోజు కస్టమర్లు వరసగా ఫోన్లు: "సైట్ హ్యాక్ అయిందా?" చూస్తే మ్యాపంతా నల్లబడి, దాని మీద అడ్డంగా 'ఫర్ డెవలప్‌మెంట్ పర్పసెస్ ఓన్లీ' అని అక్షరాలు. బిల్లింగ్ కార్డు ఇవ్వని అకౌంట్లకు అలా వచ్చేది. మేనేజర్ కార్డు పెట్టాడు, మ్యాప్ వచ్చింది, వెనకే బిల్లూ వచ్చింది. ఉచితమే కదా అని ట్రాకింగ్ పేజీలో మ్యాప్‌ని ఊరికే మళ్లీమళ్లీ లోడ్ చేయించారు మరి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్‌కి మారదామంటే, మ్యాప్‌ని పిలిచే కోడ్ ప్రతి పేజీలోనూ విడివిడిగా ఉంది.

అందుకే ఎవరి సర్వీసైనా నీ కోడ్‌లో ఒక్క చోటు నుంచే పిలు. అకౌంట్లు నీ సొంత మెయిల్ మీద వద్దు, కంపెనీ ఉమ్మడి మెయిల్ మీద తెరువు. నవ్వకు, అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే.

వెండర్ మంచివాడైనా ఒక్కోసారి ఏమీ చేయలేడు. 2021 మార్చి 8న టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన అమల్లోకి రాగానే, ముందుగా రిజిస్టర్ చేయని టెంప్లేట్ల (మెసేజ్ నమూనాల) ఎస్సెమ్మెస్‌లు ఆగిపోయి దేశమంతా చాలామందికి ఓటీపీలు రాలేదు. మర్నాడే దాన్ని వారం రోజులు ఆపారు. పరగడుపున కూర్చున్న నాలాంటి షుగర్ ముసలాడికి ఓటీపీ రాలేదని నీ కుర్రాడు వెనక్కి వెళ్లిపోతాడా? ఫోన్ చేసి సరిచూసుకునే దారి ఒకటి ఉంచు తల్లీ.

మీ నాన్న సంగతి నేను చూసుకుంటాలే. ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని రా. రాజీనామా ఇంకా పంపకపోతే, నేను చూసేదాకా ఆగు.

మీ పెదనాన్న