బీపీ సరే... ఆ జలుబు మాత్ర, ఆ గురక సంగతేమిటి?

ప్రశ్న: నా వయసు 47. ప్రైవేటు పైలట్ లైసెన్స్ ఉంది, సెలవు రోజుల్లో చిన్న విమానం నడుపుతాను. మూడు వారాల్లో క్లాస్-2 మెడికల్ (పైలట్ ఆరోగ్య ధ్రువపత్రం) రెన్యువల్ ఉంది. ఇంట్లో చూసుకుంటే బీపీ 150/94 వస్తోంది. ఇంతవరకు మందులేమీ వాడలేదు. పరీక్ష నాటికి బీపీ దిగేలా ఏదైనా మాత్ర చెప్పగలరా? రెండు నెలలుగా ముక్కు దిబ్బడ. రాత్రి జలుబు మాత్ర వేసుకుంటే నిద్ర బాగా పడుతోంది. గురక ఎక్కువని ఇంట్లో అంటారు, మధ్యాహ్నం కాస్త మగతగా ఉంటుంది. మిగతా అంతా బాగానే ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: బీపీ గురించి చెబుతాను గానీ, ముందు మీరు చివర్లో తేలిగ్గా రాసేసిన మూడు విషయాలు చూద్దాం: జలుబు మాత్ర, గురక, మధ్యాహ్నపు మగత. ఈ మూడూ తేలేవరకు దయచేసి విమానం నడపకండి.

జలుబు మాత్ర పేరుతో మందుల షాపులో ఇచ్చేవాటిలో చాలావరకు రెండు మూడు మందులు కలిపి ఉంటాయి. అట్ట వెనక్కి తిప్పి చదవండి. క్లోర్‌ఫెనిరమిన్ అనే అలర్జీ మందు ఉంటే మగత తెస్తుంది. ఫినైలెఫ్రిన్ గానీ సూడోఎఫెడ్రిన్ గానీ ఉంటే రక్తనాళాలను బిగిస్తుంది, కొందరిలో బీపీ పెంచుతుంది. మీ 150/94లో కొంత వాటా ఈ మాత్రదే కావచ్చు. దాన్ని అలాగే వాడుతూ, దానివల్ల పెరిగిన బీపీకి ఇంకో మాత్ర అడగడం సరైన పని కాదు.

‘నిద్ర బాగా పడుతోంది’ అన్నారు. అది మందు మత్తు. పొద్దున్నే మత్తు దిగిపోయినట్టు అనిపించినా, మందు ఒంట్లోనే ఉంటుంది. స్పందించే వేగం తగ్గిన సంగతి వేసుకున్న మనిషికి తెలియదు, అసలు ప్రమాదం అక్కడే. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సలహా ప్రకారం క్లోర్‌ఫెనిరమిన్ వేసుకున్నాక 5 రోజులు, మరో అలర్జీ మందు సెట్రిజిన్ వేసుకున్నాక 48 గంటలు విమానం నడపకూడదు. సెట్రిజిన్‌ను చాలామంది ‘మత్తు లేని మాత్ర’ అనుకుంటారు, అది తప్పు. ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ సాధారణంగా అనుమతిస్తారు. అవైనా ముందు నేల మీద ఉండగా వాడి చూసి, మగత రావడం లేదని తేల్చుకున్నాకే. అమెరికాలోనే రవాణా భద్రతా బోర్డు 1990 నుంచి 2012 వరకు ప్రమాదాల్లో చనిపోయిన పైలట్ల పరీక్షా ఫలితాలను పరిశీలించి 2014లో నివేదిక ఇచ్చింది. సామర్థ్యాన్ని దెబ్బతీసే మందుల్లో ఎక్కువగా కనిపించినవి ఈ మత్తు తెచ్చే అలర్జీ మందులే. చీటీ లేకుండా కొన్న మాత్ర కూడా మందే అని పదేపదే చెప్పాల్సి వస్తోంది.

ముక్కు దిబ్బడతో ఎగరడం వేరే సమస్య. పైకి వెళ్లేటప్పుడు మధ్య చెవిలోని గాలి తనంతట తాను బయటికి పోతుంది. దిగేటప్పుడు మాత్రం ముక్కు వెనక భాగాన్ని మధ్య చెవితో కలిపే నాళం వాచి ఉంటే తెరుచుకోదు, కర్ణభేరి లోపలికి లాగబడుతుంది. ల్యాండింగ్‌కు ముందు, పని అంతా మీద పడే నిమిషాల్లోనే తీవ్రమైన నొప్పి, వినికిడి తగ్గడం, ఒక్కోసారి తల తిరగడం. రెండు నెలల దిబ్బడ మామూలు జలుబు కాదు. అలర్జీయో, సైనసో, లోపలి ఎముక వంకరో ఈఎన్‌టీ డాక్టరు చూసి చెప్పాలి. దిబ్బడ తగ్గించే ముక్కు స్ప్రేలను మీకై మీరు మూడు రోజులకు మించి వాడకండి, ఆపగానే దిబ్బడ ఇంకా పెరుగుతుంది.

గురక, పగటి మగత, పెరిగిన బీపీ మూడూ కలిసి ఉన్నాయంటే స్లీప్ ఆప్నియాను (నిద్రలో ఊపిరి పదేపదే ఆగే జబ్బును) అనుమానించాలి. నిద్రలో మీకు ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ తీసుకుంటున్నారేమో ఇంట్లోవాళ్లను అడగండి. మెడ చుట్టుకొలత టేపుతో కొలవండి. 40 సెంటీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. నిద్ర పరీక్ష ఇప్పుడు ఇంట్లోనే చేయించుకునే వీలుంది. గంటకు ఊపిరి ఆగిన, తగ్గిన సందర్భాలు 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఇది తేలితే లైసెన్స్ పోతుందని భయపడి చాలామంది పరీక్షే చేయించుకోరు. అది అనవసరమైన భయం. నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే సీప్యాప్ యంత్రం సరిగ్గా వాడితే తిరిగి ఎగరడానికి అనుమతి దొరుకుతుంది. వాడకం రికార్డు చూపించమంటారు, అంతే. ఎఫ్‌ఏఏ అడిగేది నిద్రపోయిన సందర్భాల్లో కనీసం 75 శాతం, సగటున 6 గంటల వాడకం.

ఇక బీపీ. జలుబు మాత్ర ఆపాక ఏడు రోజులు ఇలా కొలవండి: ఐదు నిమిషాలు ఆనుకుని కూర్చోవాలి, అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు, చేయి గుండె ఎత్తులో ఉండాలి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. చేతికి కట్టే పట్టీ చిన్నదైతే బీపీ ఎక్కువ చూపిస్తుంది, లావు చేతులవారు పెద్ద పట్టీ తీసుకోవాలి. సగటు 135/85 దాటితే చికిత్స గురించి డాక్టరుతో మాట్లాడాలి. యూరప్ నిబంధనల్లో పరీక్షలో పదేపదే 160/95 దాటితే, ఎఫ్‌ఏఏ దగ్గర 155/95 దాటితే ఇబ్బంది. మీరు అంచున ఉన్నారు.

పరీక్ష రోజు కోసం మాత్ర చెప్పను. మిమ్మల్ని చూడకుండా చెప్పకూడదు, చూసినా ఆ ఉద్దేశంతో చెప్పను. టెల్మిసార్టన్, రామిప్రిల్, ఆమ్లోడిపిన్ లాంటివి పైలట్లకు సాధారణంగా ఆమోదించేవే. క్లోనిడిన్, మిథైల్‌డోపా లాంటివి ఒప్పుకోరు. కొత్త మాత్ర మొదలుపెట్టాక లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయేమో తేలడానికి కొన్నాళ్లు నేల మీదే ఉండాలి, ఎన్నాళ్లన్నది మీ ఏవియేషన్ డాక్టరు చెబుతారు. ఆ వ్యవధికి మూడు వారాలు చాలకపోతే రెన్యువల్ వెనక్కి జరపండి.

ఫారంలో మందులు, గురక దాచకండి. తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే లైసెన్స్ రద్దు కావచ్చు, బీమాకూ ఎసరు రావచ్చు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం ప్రైవేటు పైలట్ మెడికల్ 60 నెలల వరకు చెల్లుతుంది, 40 దాటితే 24 నెలలు. మీ దేశపు నిబంధన ఇంకా కఠినంగా ఉండొచ్చు. అయితే ఆరోగ్యం తగ్గిందని తెలిశాక సర్టిఫికెట్ గడువు ఇంకా ఉన్నా ఎగరకూడదన్నది అదే ప్రమాణాల్లోని నియమం. మీకు ఇప్పుడు తెలిసింది.

పరీక్షకు వెళ్లేటప్పుడు ఏడు రోజుల బీపీ పట్టిక, ఈఎన్‌టీ చీటీ, నిద్ర పరీక్ష రిపోర్టు, వాడిన మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. ఇదంతా మీరు రాసిన నాలుగు వాక్యాలను బట్టి చెప్పినదే, తుది నిర్ణయం మిమ్మల్ని పరీక్షించే వైద్యులదే. ఈలోపు ఛాతీలో నొప్పి, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం లాంటివి వస్తే, లేదా బీపీ 180/120 దాటితే రెన్యువల్ మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.