రంగు వేసిన పాత బండి అంటేనే నాకు భయం

ప్రశ్న: అన్నా, మాది మదనపల్లె పక్కన పల్లె. మూడెకరాల్లో టమాటా వేస్తాను. మా కాయలతో పాటు ఊళ్లో వాళ్లవీ బాడుగకు తోలుకోవచ్చని పికప్ కొందామనుకుంటున్నా. సీజన్ ఐదు నెలలూ నెలకు ఇరవై ట్రిప్పులు ఖాయం. మిగతా నెలల్లో ఐదు దొరికితే గొప్ప. చేతిలో 2.40 లక్షలున్నాయి. కొత్తది అన్నీ కలిపి 10.40 లక్షలన్నారు, మిగిలిన 8 లక్షలకు పదిన్నర శాతం వడ్డీ మీద నాలుగేళ్ల లోన్. ఏజెంటు ఒకాయన 2019 మోడల్ చూపించాడు, 4.60 లక్షలు. కొత్తగా రంగు వేశారు, తళతళలాడుతోంది. తక్కువైన 2.20 లక్షలు రెండేళ్లకు ‘రూపాయి వడ్డీ’కే ఇప్పిస్తానంటున్నాడు. మా నాన్న మాత్రం కొత్తదే కొనమంటున్నాడు. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ధరల కంటే ముందు నీ ట్రిప్పులు లెక్కేశాను. సీజన్‌లో వంద, మిగతా ఏడు నెలల్లో ముప్పై ఐదు, ఏడాదికి 135. కొత్త బండికి కంతు నెలకు 20,480 దాకా పడుతుంది, ఏడాదికి 2.46 లక్షలు. అంటే డీజిల్ పోయకముందే ఒక్కో ట్రిప్పు మీద 1,820 రూపాయలు ఎక్కి కూర్చుంటాయి. కాయ లేని నెలల్లో బండి చింతచెట్టు కింద ఆగినా కంతు ఆగదు.

ఇక ఆ రూపాయి వడ్డీ. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతమే కదా అనిపిస్తుంది. ఆయన చెప్పేది ఫ్లాట్ వడ్డీ. నెలనెలా అసలు తీరుతూ వస్తున్నా, రెండేళ్లూ మొత్తం 2.20 లక్షల మీదే వడ్డీ కడతావు. వడ్డీ 52,800, కంతు 11,367. బ్యాంకు వాళ్లు కట్టే పద్ధతిలో చూస్తే ఇది 21 శాతం పైమాటే, షోరూమ్ వాళ్ల వడ్డీకి రెట్టింపు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టడం చవక. ఆ మాట ఇంటావిడతో నువ్వే చెప్పుకోవాలి, నన్ను మధ్యలోకి లాగొద్దు.

సరే, ఆ ఖరీదైన వడ్డీతోనే లెక్క చూద్దాం. కంతులు ఏడాదికి 1.36 లక్షలు. రిపేర్లకని ఇంకో 60 వేలు పక్కన పెట్టు. ట్రిప్పుకు 1,455 పడుతుంది, కొత్తదాని కంటే 365 తక్కువ. పైగా రెండేళ్లకు అప్పు తీరిపోతుంది. ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో తేడా ఏమీ ఉండదు. 7,500 కిలోల లోపు సరుకు బళ్లన్నిటికీ 2022లో ఖరారైన ప్రీమియం 16,049 రూపాయలు, పన్ను అదనం. బండి డ్యామేజీకి కట్టే ప్రీమియం మాత్రం కొత్తదానికి బాగా ఎక్కువ.

కాబట్టి నా ఓటు పాత బండికే. కానీ నువ్వు చూసిన ఆ బండికి మాత్రం కాదు, ఎందుకో చెబుతా.

2011లో నేనూ ఇలాగే తళతళలాడే పాత బండి ఒకటి కొన్నాను. మూడో నెలలో టమాటా ఎక్కించుకుని చెన్నై కోయంబేడు మార్కెట్‌కు బయల్దేరా. నలభై క్రేట్ల బండికి అరవై వేశాను, ఆ తప్పు నాదే. రాత్రి పదకొండుకు మొగిలి ఘాట్ దిగుతుంటే వెనక ఎడమవైపు ధన్‌మని శబ్దం. దిగి టార్చి వేసి చూశాను. కమాను కట్టను (బరువు మోసే స్ప్రింగు పట్టీలను) పట్టుకునే బ్రాకెట్ దగ్గర, చాసిస్ (బండి అడుగు ఫ్రేము) మీద పాత వెల్డింగ్ నోరు తెరిచింది. పైన నిగనిగలాడే నల్ల పెయింటు, దాని కింద ఎర్రటి తుప్పు. వేలితో గీకితే పొలుసులు రాలాయి. ఇంకో బండి పిలిపించి క్రేట్లు మార్చి చెన్నై చేరేసరికి పొద్దున తొమ్మిది. తెల్లవారుజామున జరిగే బేరాలు అప్పటికే అయిపోయాయి. రిపేరుకు పోయింది 14 వేలు. కాయల వాళ్లకు నష్టం కింద ఇచ్చుకున్నది 22 వేలు. మీ నాన్న భయం ఇలాంటి రాత్రి గురించే, ఆయన మాట కొట్టిపారేయొద్దు.

అందుకే రంగు వేయని బండి వెతుక్కో. పొద్దున్నే చెప్పకుండా వెళ్లి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే నీకంటే ముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, ఇంకో రోజు రా. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి, ఇంజిన్ ఆయిల్ పోసే మూత తిప్పి తీసి అక్కడే బోర్లా పెట్టు. కొంచెం వణికితే ఫరవాలేదు, ఎగిరి పక్కన పడితే ఇంజిన్ లోపలి పిస్టన్ రింగులు అరిగాయన్నట్టే. మూత లోపల మజ్జిగలాంటి నురగ కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయి, ఇక బేరం కూడా ఆడొద్దు. తర్వాత లుంగీ బిగించి కిందకి దూరు. క్యాబిన్ వెనకా, కమాను కట్టల దగ్గరా చాసిస్‌ను చేత్తో తడుముతూ పో. మీటర్ రీడింగ్ నేనైతే నమ్మను. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి మీటరు 60 వేలు చూపిస్తే నవ్వుకుని వచ్చేయ్.

నంబరు కొడితే ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఫైనాన్స్ అన్నీ కనిపిస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, 2019 మోడల్‌కు ఆ గడువు ఎంతో దూరంలో లేదు. ఫైనాన్స్ తీరి ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు సంతకం చేసిన ఫారం 35తో పాటు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని వాళ్లిచ్చే కాగితం) చేతికిచ్చాకే మిగతా డబ్బు ఇవ్వు. బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అదే రోజు అయిపోవాలి. పేరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్స్ కూడా నీ పేరుకు మార్పించుకో.

బేరానికి ఒక మాట అందిస్తా. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బళ్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకుముందు కొన్నవాళ్లు అప్పటి ధర మనసులో పెట్టుకుని పాత బండి రేటు చెబుతుంటారు. ఇప్పటి షోరూమ్ కొటేషన్ జేబులో పెట్టుకుని వెళ్లు.

నీకు ఏడాది పొడుగునా నెలకు ఇరవై ట్రిప్పులు దొరికితే మాత్రం ఈ లెక్కంతా తిరగబడుతుంది. 240 ట్రిప్పుల మీద కొత్తదానికి ట్రిప్పుకు 1,024 పడుతుంది. పాతది అంత తిరిగితే రిపేర్లు లక్షకు చేరతాయనుకో, అప్పుడు దానికీ 985. నలభై రూపాయల కోసం మొగిలి ఘాట్‌లో టార్చి పట్టుకుని నిలబడే పని నాకైతే వద్దు. మీ వైపు పాల రూటు ఏదైనా ఖాళీ అవుతుందేమో కనుక్కో. కాంట్రాక్టు కాగితం మీదకు వస్తే కొత్తదే కొను, మీ నాన్నా సంతోషిస్తాడు.

ప్రశ్న: అన్నయ్య గారూ, మేము తెనాలిలో క్యాటరింగ్ చేస్తాం. గిన్నెలు తోలడానికి పాత టాటా ఏస్ కొంటున్నాం. మావారికి కారు లైసెన్సు మాత్రమే ఉంది. మళ్లీ బ్యాడ్జి (రవాణా బళ్లు నడపడానికి ఇచ్చే అనుమతి) తీసుకోవాలా?

జవాబు: అక్కర్లేదమ్మా. బండి బరువు, సరుకు కలిపి 7,500 కిలోల లోపు ఉంటే కారు లైసెన్సుతో సరుకు బండి నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్‌లో తేల్చింది. 3,000 కిలోలు దాటని బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు, ఏస్ అందులోకే వస్తుంది. గుండిగలతో పాటు వంటవాళ్లను మాత్రం వెనక ఎక్కించకండి. సరుకు మధ్య కూర్చున్న మనిషికి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. వాళ్లకు వేరే ఆటో మాట్లాడండి.