టామీకి గోమార్ల కాలర్ పెట్టే ముందు

తల్లీ,

టామీకి గోమార్లు పట్టాయనీ, కాలర్ కొన్నాననీ రాశావు. మంచిపనే చేశావు. గోమార్లు అంటించే జ్వరాలు కుక్కల ప్రాణాల మీదికి తెస్తాయి. కాలర్ వేసిన కుక్కల్లో చాలావాటికి ఏమీ కాదు కూడా. అయితే దాన్ని మెళ్లో వేసే మామూలు పట్టీ అనుకోకు. నెలల తరబడి కొద్దికొద్దిగా ఒంటికి పట్టే పురుగుమందు అది. ఒక్కో కుక్కకి పడదు. పడలేదని ఎలా తెలుస్తుందో, అప్పుడేం చెయ్యాలో ముందే తెలుసుకుంటావని రాస్తున్నాను.

ముందు డబ్బా మీద మందు పేరు చదువు. సెరెస్టో అనే పేరుతో వచ్చే కాలర్‌లో ఇమిడాక్లోప్రిడ్, ఫ్లుమెత్రిన్ అనే మందులు ఉంటాయి. 8 నెలల దాకా పనిచేస్తుంది, 7 వారాలు నిండని పిల్లలకి పెట్టకూడదు. కొన్నిట్లో డెల్టామెత్రిన్, కొన్నిట్లో అమిట్రాజ్ ఉంటాయి. ఏ మందో తెలిస్తే డాక్టరుకి వైద్యం సులువవుతుంది. టామీ బరువుకి సరిపడిన సైజే తీసుకో. వీపు మీద వేసే చుక్కలమందు ఈమధ్య వేసి ఉంటే, రెండూ కలిపి వాడొచ్చో లేదో డాక్టర్ని అడక్కుండా కాలర్ పెట్టకు. మెడ మీద పుండున్నా, ఒంట్లో బాగోకపోయినా అంతే. షుగరున్న కుక్కకి అమిట్రాజ్ వద్దు.

కాలర్‌కీ మెడకీ మధ్య నీ 2 వేళ్లు దూరాలి. కాలర్‌లో మిగిలిన కొస వేలాడకుండా కత్తిరించెయ్. అది వేలాడితే టామీయో, దానితో ఆడుకునే ఇంకో కుక్కో నమిలేస్తుంది.

ఇక అసలు సంగతి. పెట్టిన కొత్తల్లో రోజూ కాలర్ని కాస్త పక్కకి జరిపి, బొచ్చు విడదీసి చర్మం చూడు. వెలుతురులో చూడు, పైపైన తడిమితే తెలియదు. మొదట్లో కాస్త గోక్కుంటే కంగారు పడక్కర్లేదు. చర్మం ఎర్రగా కందినా, బొచ్చు ఊడినా, చెమ్మ చేరి వాసన వస్తున్నా, పొక్కులు కట్టినా మాత్రం కాలర్ తీసెయ్యాలి. డబ్బులు పెట్టి కొన్నాం కదా, ఇంకో నాలుగు రోజులు చూద్దాం అనుకోవద్దమ్మా. అలా ఉంచేస్తే కాలర్ కింద చర్మం పుండు పడిపోతుంది. తీసిన చోట డాక్టరు చెప్పకుండా ఏ పూతలూ పూయకు.

చర్మానిది ఒక ఎత్తు, నరాలది ఇంకో ఎత్తు. నోట్లోంచి చొంగ కారడం, వాంతులు, తూలుతూ నడవడం, చెవులూ ముఖమూ అదరడం, ఒళ్లు వణకడం, ఫిట్స్. వీటిల్లో ఏది కనిపించినా ఆలోచించకుండా కాలర్ కోసెయ్. ఫిట్స్ వస్తుంటే ఆ క్షణంలో నీళ్లు పొయ్యకు, నోట్లో చెయ్యి పెట్టకు, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఫిట్స్ లేకుండా స్పృహలో ఉంటే చేతులకి గ్లోవ్స్ వేసుకుని, గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్‌తో మెడా ఒళ్లూ కడిగి, బాగా తుడిచి, చలి తగలకుండా కప్పి బయల్దేరు.

కాలర్ ముక్క మింగితే ఇంకా ప్రమాదం. అమిట్రాజ్ కాలరైతే కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. నిద్రపోతోందిలే అని వదిలెయ్యకు, దానికి విరుగుడు ఇంజెక్షను ఉంది. ఇంట్లో వాంతి చేయించబోకు. మిగిలిన కాలర్, డబ్బా రెండూ పట్టుకెళ్లు, ఎంత ముక్క పోయిందో డాక్టరుకి అర్థమవుతుంది.

సెరెస్టో పెడితే కుక్కలు జబ్బు పడుతున్నాయని భయపెట్టే మాటలు నీ చెవినా పడే ఉంటాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ ఫిర్యాదుల్ని పరిశీలించి, 2023లో దాన్ని నిషేధించలేదు కానీ అనుమతిని 5 ఏళ్లకే పరిమితం చేసింది, దురద, పుండ్లు, మత్తు రావచ్చని లేబుల్ మీద హెచ్చరిక రాయమంది. నాకది సబబుగానే తోచింది. నకిలీలు కూడా తిరుగుతున్నాయి, అందుకే డాక్టరు దగ్గర దొరికేదే కొను.

మీ పిల్లి సంగతి మర్చిపోయేదాన్ని. కుక్కల మందుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే పిల్లికి విషమే, దాని లివరు ఆ మందుని అరిగించుకోలేదు. టామీ కాలర్ని దాని దగ్గరికి రానివ్వకు. బాబు కాలర్ పట్టుకుంటే వెంటనే చేతులు కడిగించు.

డబ్బా పారెయ్యకు, కాలర్ పెట్టిన తేదీ దాని మీదే రాసిపెట్టు. టామీలో ఏ తేడా కనిపించినా ముందు డాక్టరుకి ఫోన్ చెయ్, నాకు తర్వాత చెప్పొచ్చు.

ప్రేమతో,
పెద్దమ్మ